అమ్మ ‘బాగానే ఉన్నా’ అంటుంది, నాన్న ‘బాగాలేదు’ అంటారు

హైదరాబాదు నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. ఆవిడకు 46 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. భర్త, ఇంటర్ చదివే కూతురు, 78 ఏళ్ల అత్తగారితో కలిసి కూకట్‌పల్లి వైపు రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో ఉంటారు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అమ్మానాన్నలు పల్నాడులో, వినుకొండకు ఇరవై కిలోమీటర్ల అవతల ఓ పల్లెలో ఇద్దరే ఉంటున్నారు.

నాన్నకు 76 ఏళ్లు. మొన్నమొన్నటిదాకా మిరప, పత్తి వేసిన రైతు. మోకాళ్లు సహకరించక మూడేళ్ల కిందట పొలం కౌలుకిచ్చారు. అప్పట్నుంచి ఆయనకు రోజూ ఏదో ఒకటి బాగాలేదు. నీరసం, గుండెదడ, తల దిమ్ము, ఆకలి లేకపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ. హైదరాబాదు తీసుకొచ్చి మూడుసార్లు పూర్తి పరీక్షలు చేయిస్తే మూడుసార్లూ ‘అన్నీ నార్మల్’ అన్నారు. అమెరికాలో ఉన్న అన్నయ్య డబ్బు పంపుతాడు కానీ, ‘ఆయనకేం లేదు, అందరూ తనని పట్టించుకోవాలని అలా అంటున్నాడు’ అంటాడు. నాన్న మాత్రం ఊళ్లోని ఆర్ఎంపీ చేత వారానికో సూది వేయించుకుంటారు. వేయించుకున్నాక రెండు మూడు రోజులు హుషారుగా ఉంటారు.

అమ్మకు 71. ఎప్పుడు ఫోన్ చేసినా ‘నాకేంటే, రాయిలా ఉన్నా. మీ నాన్న సంగతి చూడు’ అంటుంది. రెండేళ్ల కిందట బీపీ ఎక్కువని ఒక ఆసుపత్రిలో మాత్రలు రాశారు. ఏడాదిగా అవి వేసుకోవడం లేదని ఈమధ్యే తెలిసింది. అడిగితే ‘జబ్బు కాదులే, ముసలితనం’ అంది. హైదరాబాదు వచ్చేయమంటే గేదెను ఎవరికి వదలమంటావంటుంది. మూడు వారాల కిందట ఒకరోజు పొద్దున్నే చేయి తిమ్మిరెక్కి చేతిలో చెంబు జారిపోయిందట, మాట కూడా కాస్త తడబడిందట. గంటలో సర్దుకుంది. పక్కింటావిడ చెబితే తప్ప కూతురికి తెలియలేదు.

‘పరీక్షల్లో ఏమీ లేనాయన రోజూ రోగం అంటారు, బీపీ ఉన్నావిడ ఏమీ లేదంటుంది. ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదు. ఇద్దర్నీ బలవంతంగానైనా ఇక్కడికి తెచ్చేయాలా? తెస్తే మా ఇంట్లో ఎలా? తేకపోతే రేపు ఏదైనా జరిగితే నన్ను నేను క్షమించుకోగలనా?’ అని ఆవిడ అడుగుతున్నారు.

అమ్మా,

మీ ఉత్తరం ఆరు పేజీలు. అందులో మూడు నాన్నగారివి, ఒకటి అన్నయ్యది. అమ్మగారి చేతిలోంచి చెంబు జారిపోయిన సంగతి ఐదో పేజీలో రెండే రెండు వాక్యాలు. నేను అక్కడే మొదలుపెడతాను. హైదరాబాదా, పల్లెటూరా అన్నది మీరంతా కూర్చుని నిదానంగా తేల్చుకోవచ్చు. ఇదొక్కటి మాత్రం వాయిదా వేయడానికి వీల్లేదు.

చేయి ఉన్నట్టుండి తిమ్మిరెక్కి పట్టు తప్పడం, మాట తడబడటం, గంటలో మళ్లీ మామూలైపోవడం. ఇది పక్షవాతం తలుపు తట్టి వెళ్లడం కావచ్చు. మెదడుకు వెళ్లే రక్తనాళంలో చిన్న గడ్డ కాసేపు అడ్డుపడి దానంతటదే కరిగిపోతే ఇలాగే జరుగుతుంది. నొప్పి ఉండదు, గుర్తూ మిగలదు. తగ్గిపోయింది కదా అని ఎవరైనా మర్చిపోతారు. కానీ దాని తర్వాత వచ్చే రోజుల్లో, వారాల్లో అసలు పక్షవాతం వచ్చే ముప్పు మామూలు కంటే చాలా ఎక్కువ. మూడు వారాలు గడిచాయి. ఏమీ కాలేదన్నది అదృష్టం, భరోసా కాదు. ఈ వారంలోనే ఆవిడను తలకు స్కాన్ తీయగల ఆసుపత్రికి తీసుకెళ్లండి. స్కాన్‌తో పాటు ఈసీజీ, మెడలోని రక్తనాళాల స్కాన్, షుగరు, కొలెస్టరాల్ చూస్తారు. ఎవరో చెప్పారని రక్తం పలచన చేసే మాత్ర మీరే కొని ఇవ్వకండి. జరిగింది గడ్డ వల్లనా, రక్తస్రావం వల్లనా అన్నది స్కాన్‌లో తేలాకే ఆ మాత్ర సంగతి.

ఈలోగా మూతి ఒక పక్కకు వంగినా, రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి కిందికి వాలినా, మాట ముద్దగా వచ్చినా ఆ నిమిషమే 108కి ఫోన్ చేయాలని నాన్నగారికీ, పక్కింటావిడకూ చెప్పండి. గడ్డను కరిగించే సూది మొదటి నాలుగున్నర గంటల్లోనే పనికొస్తుంది. మీ ఊరి నుంచి అంబులెన్స్ వచ్చి, ఎక్కించుకుని, రోడ్డు మీద పడే సమయం లెక్కేస్తే ఆ నాలుగున్నర గంటలు ఎంత చిన్నవో లెక్కల టీచరు మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకని ఆ సూది, స్కాన్ రెండూ ఉన్న దగ్గరి ఆసుపత్రి నరసరావుపేటలో ఉందా, గుంటూరు దాకా వెళ్లాలా అన్నది ఇప్పుడే కనుక్కుని, గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

ఇక మీ అసలు ప్రశ్న. ఎవరి మాట నమ్మాలి?

ఇద్దరి మాటా నమ్మండి. అయితే ఆ మాట దేని గురించో కనుక్కోవాలి. నేను ముప్పై ఏళ్లు ప్రభుత్వ డాక్టరుగా పనిచేశాను, అందులో ఎక్కువ కాలం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే. మనవడికి జ్వరమనో, మొగుడికి దగ్గనో వెంటబెట్టుకుని వచ్చే పెద్దావిడలను ఎందరినో చూశాను. ‘నీకెలా ఉందమ్మా’ అని అడిగితే ‘నాకేం బాబూ’ అనేవాళ్లు. బీపీ పట్టీ చుడితే మిషను రెండొందలు చూపించేది. వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఆ బల్ల దగ్గర తమ వంతు ఉందని వాళ్లెప్పుడూ అనుకోలేదు, అంతే.

ఇది నేను కళ్లతో చూసిన సంగతే కాదు, ఎనభై ఏళ్ల కిందటే లెక్కల్లోకి ఎక్కింది. బెంగాల్ కరువు వచ్చిన మరుసటి ఏడాది, 1944లో, కలకత్తా దగ్గర సింగూరు ప్రాంతంలో ఇంటింటికీ తిరిగి ఆరోగ్యం గురించి అడిగారు. భార్య పోయిన మగవాళ్లలో 48.5 శాతం మంది జబ్బుగా ఉందనో, ఒంట్లో అంతంతమాత్రంగా ఉందనో చెప్పారు. భర్త పోయిన ఆడవాళ్లలో అలా చెప్పినవాళ్లు 2.5 శాతం. కరువు దాటిన బెంగాల్లో, ఆ రోజుల్లో, వితంతువుల బతుకు ఎలా ఉండేదో ఊహించుకోండి. తిండి ఎవరికి తక్కువ దక్కి ఉంటుంది? అయినా ‘బాగాలేదు’ అన్నది మగవాళ్లే. అమర్త్యసేన్ ఈ లెక్కను తన రచనల్లో ప్రస్తావించారు. తనకు ఒంట్లో బాగాలేదని చెప్పుకోవాలంటే, బాగుండటం తన హక్కని మనిషికి ముందు అనిపించాలి. మీ అమ్మగారికి యాభై ఏళ్లుగా అలా అనిపించే అవకాశం ఎవరిచ్చారు?

సేన్ 2002లో రాసిన ఇంకో వ్యాసంలో కేరళనూ బీహారునూ పోల్చారు. అప్పటి లెక్కల్లో దేశంలో ఎక్కువ కాలం బతికేది కేరళ వాళ్లు. మాకు జబ్బుందని ఎక్కువగా చెప్పేదీ వాళ్లే. వాళ్లకంటే తక్కువ కాలం బతికే బీహారులో జబ్బుందని చెప్పేవాళ్లు తక్కువ. చదువు, దగ్గర్లో ఆసుపత్రి ఉన్నచోట మనిషికి తన ఒంటి సంగతి తెలుస్తుంది. ఆసుపత్రి దూరమైనచోట రోగానికి ముసలితనం అని పేరు పెట్టుకుని సర్దుకుపోతారు. మీ అమ్మగారి ‘ముసలితనం’ అలాంటిదే. ఆవిడ చేతికందే వైద్యం ఎంతో, ఆవిడకున్న రోగమూ అంతే.

అలాగని పెద్దవాళ్లు చెప్పే మాటకు విలువ లేదని కాదు. 1997లో ఎలెన్ ఐడ్లర్, యేల్ బెన్యమిని అనే ఇద్దరు పరిశోధకులు 27 అధ్యయనాలను ఒకచోట పెట్టి చూశారు. ‘మీ ఆరోగ్యం ఎలా ఉంది’ అన్న ఒక్క ప్రశ్నకు ‘బాగాలేదు’ అన్నవాళ్లు, మిగతా జబ్బులన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా, ముందుగా చనిపోయే అవకాశం ఎక్కువని వాటిలో చాలా అధ్యయనాలు తేల్చాయి. పరీక్షలకు చిక్కనిదేదో ఆ మనిషికి తెలుస్తోందన్నమాట. కాబట్టి నాన్నగారి ‘బాగాలేదు’ను అన్నయ్య అంత తేలిగ్గా తీసిపారేయడం నాకు నచ్చలేదు. ఆయన నటించడం లేదు. నార్మల్ అనే మాట ఆ పరీక్షలు చూసినవాటికే వర్తిస్తుంది. మీరు పంపిన రిపోర్టుల్లో గుండె ఉంది, లివర్ ఉంది, కిడ్నీ ఉంది. ఆయన రోజంతా ఏం చేస్తున్నారు అన్నది ఎక్కడా లేదు.

యాభై ఏళ్లు తెల్లారకముందే పొలానికి వెళ్లిన మనిషి. ఇప్పుడు అరుగు మీద కూర్చుని, తన పొలంలో ఇంకొకరు వేసిన పత్తి మీదుగా పొద్దు పొడవడం చూస్తున్నారు. ఆయన ఈడువాళ్లు ఇద్దరు ఈ రెండేళ్లలో పోయారని మీరే రాశారు. ఆకలి లేకపోవడం, తెల్లవారుజామున మెలకువ, ఒంట్లో సత్తువ లేదన్న భావన, ఇవన్నీ ఒకేచోట కనిపిస్తే నాకు ముందు అనుమానం వచ్చేది దిగులు జబ్బు మీద. మన పెద్దవాళ్లు, ముఖ్యంగా మగవాళ్లు, ‘మనసు బాగాలేదు’ అనరు. ‘నీరసం’ అంటారు, ‘దడ’ అంటారు. పెద్దవాళ్లలో దీన్ని పసిగట్టడానికి పదిహేను ప్రశ్నల చిన్న జాబితా ఉంది, అవును కాదు అని చెబితే చాలు. డాక్టరు దగ్గర పది నిమిషాల పని. థైరాయిడ్, బీ12 చూడకపోతే అవి కూడా చూడమనండి, ఇలాంటి నీరసానికి అవీ కారణమవుతాయి. చెవులు సరిగ్గా వినిపిస్తున్నాయో లేదో కూడా చూపించండి. నలుగురిలో మాట అందక ఇంట్లోనే కూర్చునే పెద్దవాళ్లు చాలామంది. ముందు ఫోన్లో మాట్లాడదామంటే 14416 టెలీ మానస్‌కు చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఇవన్నీ చేసినా ఆయనకు పూర్తిగా తగ్గుతుందని నేను మాట ఇవ్వలేను. కానీ ‘నీకేం లేదు’ అన్న మాట వినడం మాత్రం ఆగుతుంది. రోజూ ఆ మాట వింటున్న మనిషి తనకు నిజంగానే ఏదో ఉందని నిరూపించడానికి ఇంకా గట్టిగా మూలుగుతాడు.

వారం వారం సూది గురించి. అది ఏ మందో మీకు తెలియదన్నారు. వేసిన రెండు మూడు రోజులు హుషారు, తర్వాత మళ్లీ డీలా అంటే స్టెరాయిడ్ అయి ఉండొచ్చన్నది నా భయం. మోకాళ్ల కోసం నొప్పి సూది కూడా కలుపుతూ ఉండొచ్చు. స్టెరాయిడ్ షుగర్‌నూ బీపీనీ పెంచుతుంది, ఎముకల్ని గుల్ల చేస్తుంది. నొప్పి మందులు ఈ వయసులో కిడ్నీల మీద, కడుపు మీద పడతాయి. ఇక్కడొక మెలిక ఉంది. చాలాకాలం స్టెరాయిడ్ తీసుకున్న మనిషి ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం. ఒంట్లో సహజంగా తయారయ్యే హార్మోను ఈలోగా మందగించి ఉంటుంది. అందుకని ఊరెళ్లగానే ‘ఇక సూది వద్దు’ అని గొడవ పెట్టకండి. వాడేసిన సీసా ఒకటి సంపాదించండి, దానిమీది పేరు పెద్ద డాక్టరుకు చూపించండి, ఎలా తగ్గించాలో ఆయన చెబుతారు.

ఆ ఆర్ఎంపీ మీద మీరు చాలా కోపంగా రాశారు. కోపం న్యాయమే. కానీ మీ నాన్నగారి మంచం పక్కన కూర్చుని, చేయి పట్టుకుని ‘ఏంటి పెద్దాయనా, రాత్రి నిద్ర పట్టిందా’ అని వారానికోసారి అడిగే మనిషి ఆయనొక్కడే. మీరు పాతిక వేలు పోసి చేయించిన పరీక్షల్లో ఆ మాట ఎవరైనా అడిగారా? ఆయన్ని వెళ్లగొడితే ఆ మాటా పోతుంది. నేనైతే ఆయన్నే కూర్చోబెట్టుకుని మాట్లాడతాను. ‘సూది వద్దు, మా డాక్టరు రాసిన మాత్రలే. వారానికోసారి వచ్చి ఇద్దరి బీపీ చూసి పుస్తకంలో రాయండి, మీ ఫీజు మీకిస్తాం’ అని. కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే అప్పుడు వేరే దారి చూద్దాం.

మళ్లీ అమ్మగారి దగ్గరికి వస్తాను. మాత్రలు ఎందుకు మానేశారని మీరు అడిగారు, ‘ముసలితనం’ అన్న జవాబుతో ఆగిపోయారు. మీరు పంపిన పాత చీటీ చూశాను. అందులో బీపీ మాత్రకు కలిపి నీరు బయటికి పంపే మందు ఉంది. అది వేసుకున్నాక కొన్ని గంటల పాటు మూత్రానికి ఎక్కువగా వెళ్లాల్సి వస్తుంది. పొద్దున్నే మాత్ర వేసుకుని చేలోకి పోయినా, బస్సెక్కినా, ఆడమనిషి ఎక్కడికి పోతుంది? రాత్రి వేసుకుంటే చీకట్లో పెరట్లోకి నాలుగుసార్లు నడవాలి. ఇదే కారణమని నేను అనడం లేదు. అడగండి. కూతురు ఒక్కతే ఉన్నప్పుడు, నాన్న వినకుండా అడిగితే చెబుతారు. ఇదే అయితే మందు మార్చడం డాక్టరుకు ఒక్క నిమిషం పని. ఆ ఒక్క నిమిషం ఆవిడకు దక్కలేదు. ఆ రోజు డాక్టరు ఆవిడతో మాట్లాడలేదనీ, అన్నీ మీతోనే చెప్పారనీ మీరు రాసిన వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వైద్యం అందడమంటే ఆసుపత్రి ఎన్ని కిలోమీటర్లన్నదే కాదు. అక్కడికి వెళ్లిన మనిషితో ఎవరైనా మాట్లాడారా అన్నది కూడా. ఈసారి డాక్టరు మీవైపు చూసి మాట్లాడితే, ‘అమ్మకే చెప్పండి, ఆవిడ వింటుంది’ అనండి.

ఆవిడను ఆసుపత్రికి కదిలించడం ఎలా? ‘నాన్నకు చూపిద్దాం, తోడు రా’ అని తీసుకెళ్లి చూపించవచ్చు. ఆవిడ వస్తారు. కానీ ఆ ఉపాయం ఒక్కసారే పనిచేస్తుంది, మాత్రలు మాత్రం జీవితాంతం వేసుకోవాలి. నిజం చెప్పడం మంచిదని నాకనిపిస్తుంది. మీ అమ్మగారి వయసు ఆడవాళ్లకు చావంటే అంత భయముండదు. ‘మంచాన పడకుండా, ఒకరిచేత చేయించుకోకుండా పోతే చాలు’ అంటుంటారు. మీ అమ్మగారూ ఈ మాట అనే ఉంటారు. సరిగ్గా అక్కడే చెప్పండి. ‘బీపీ మాత్ర వందేళ్లు బతకడానికి కాదమ్మా, మంచాన పడకుండా ఉండటానికి’ అని. ఇందులో అతిశయోక్తి లేదు. ఒక పక్క పడిపోయి ఏళ్ల తరబడి మంచం మీద ఉండటానికి పెద్ద కారణం పక్షవాతం, పక్షవాతానికి పెద్ద కారణం అదుపులో లేని బీపీ. ఒక్క సంగతి, ఆ రెండు మూడు రోజులు గేదెకు ఎవరు నీళ్లు పెడతారో, ఎవరు పాలు పిండుతారో ముందు తేల్చండి. మనకది చిన్న విషయం. ఆవిడకది అడ్డుగోడ.

ఇక మకాం సంగతి.

హైదరాబాదు తెచ్చేస్తే డాక్టర్లు దగ్గరవుతారు. మీకు రాత్రి నిద్ర పడుతుంది. అది చిన్న లాభం కాదు. కానీ లిఫ్టు లేని మూడో అంతస్తులో, మోకాళ్ల నొప్పులున్న ఆయన వారానికి ఒకసారి కిందికి దిగితే గొప్ప. ఇప్పటికే చేయడానికి పనిలేక కుంగిపోతున్న మనిషికి ఆ నాలుగు గోడలు ఏం చేస్తాయో ఆలోచించండి. మీ అత్తగారికీ అమ్మగారికీ ఒకే వంటగది. వాళ్లిద్దరూ మంచివాళ్లే అయినా, ఇద్దరి మధ్యా నలిగేది మీరు. అమ్మానాన్నల్ని తెస్తే అదే వీధిలో కింది వాటా అద్దెకు తీసుకోవడం తప్ప మీ ఫ్లాట్‌లో కుదరదని నా ఉద్దేశం. అద్దె అన్నయ్య భరించగలరు.

ఊళ్లోనే ఉంచితే వాళ్ల అరుగు, వాళ్ల గుడి, పలకరించే మనుషులు ఉంటారు. రాత్రిపూట ఏదైనా అయితే దూరం దూరమే, దాన్ని మీరేమీ చేయలేరు. ఆ భయంతో బతకడం మీవల్ల అవుతుందా అన్నది మీరే తేల్చుకోవాలి. అలాగే ఉంచాలనుకుంటే ఊళ్లో ఏముందో ముందు చూడండి. విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఎవరున్నారు, ఆశా కార్యకర్త ఎవరు, 104 బండి ఏ రోజు వస్తుంది. బీపీ, షుగర్ మాత్రలు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. క్లినిక్ నుంచే ఈ-సంజీవని వీడియోలో పెద్ద డాక్టరుతో మాట్లాడించొచ్చు. కాగితం మీద ఇవన్నీ ఉంటాయి. మీ ఊళ్లో ఎన్ని నడుస్తున్నాయో మీరే వెళ్లి చూడాలి. ఒక నెల మాత్రలు అయిపోతే ఏం చేయాలో కూడా ఇప్పుడే అనుకోండి. వినుకొండలో జన ఔషధి దుకాణం ఉంటే అక్కడ తక్కువ ధరకు దొరుకుతాయి. లేకపోతే మీరే మూడు నెలలకు సరిపడా పంపండి.

మూడో దారి ఒకటుంది. మీ ఉత్తరంలో అది లేదు. నరసరావుపేటలోనో వినుకొండలోనో చిన్న ఇల్లు అద్దెకు తీసుకోవడం. కౌలు డబ్బులు, పొలం, చుట్టాలు అందుబాటులోనే ఉంటాయి. నాన్నగారు బస్సెక్కి ఊరెళ్లి సాయంత్రానికి రావచ్చు. ఆసుపత్రి ఆటో దూరం. మీకు ప్రయాణం కొంత తగ్గుతుంది. నష్టమేమిటంటే గేదెను అమ్మాలి. అమ్మగారి చేతిలో సొంతంగా ఆడే నాలుగు డబ్బులు ఆ పాల డబ్బులే అయితే, గేదె పోవడమంటే ఆవిడ మాట పోవడమే. నెలకింత అని ఆవిడ పేరుమీదే, ఆవిడ ఖాతాలోకే వేసే ఏర్పాటు చేయకుండా ఆ దారి తొక్కకండి.

ఈ మూడింటిలో ఏదైనా ముందు మూడు నెలలు చేసి చూడండి. ఇల్లు అమ్మడం, సామాను తరలించడం లాంటివి వద్దు. వెనక్కి రావడానికి దారి ఉందని తెలిస్తే పెద్దవాళ్లు ముందుకు అడుగేస్తారు.

కార్డుల గురించి అడిగారు. 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో పనిలేకుండా, ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు. ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. ఇంట్లో ఇద్దరు 70 దాటినవాళ్లుంటే ఆ 5 లక్షలూ ఇద్దరికీ కలిపే. ఆధార్‌తో నమోదు చేయించుకోవచ్చు. పథకంలో ఉన్న ఆసుపత్రి అయితే హైదరాబాదులోనూ చెల్లుతుంది. మీ అత్తగారికి లేకపోతే ఆవిడకూ తీయించండి. కానీ ఇది ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది. నెలనెలా చూపించుకోవడం, మాత్రలు, బస్సు చార్జీలు, తోడు వచ్చే మనిషి ఒకరోజు కూలి, ఇవేవీ అందులో రావు. పెద్దవాళ్లకు వైద్యం అందకుండా పోయేది చాలాసార్లు ఆ చిన్న ఖర్చుల దగ్గరే. అన్నయ్యకు ఇది చెప్పండి. ఏడాదికోసారి పెద్ద పరీక్షలకు పంపే డబ్బుతో ఊళ్లోనే ఒక నమ్మకమైన మనిషిని నెల జీతానికి పెట్టొచ్చు, నెలకు రెండుసార్లు ఆసుపత్రికి తోడుగా వెళ్లడానికి, మాత్రలు తేవడానికి. డబ్బుతో పాటు ఆయన ఇవ్వాల్సింది ఇంకొకటుంది. ప్రతి ఆదివారం అరగంట నాన్నగారికి ఫోన్. ఆరోగ్యం గురించి కాదు. పత్తి ధర ఎంత, కౌలుదారు మందు ఎప్పుడు కొట్టాడు, ఈసారి మిరప ఎందుకు ముడుచుకుపోయింది. ఆయనకు తెలిసినవి, కొడుక్కి తెలియనివి.

మీరు కూడా ఫోన్లో ‘బాగున్నావా అమ్మా’ అని అడగడం మానేయండి. దానికి ఆవిడ దగ్గర జవాబు ఒక్కటే ఉంది, యాభై ఏళ్లుగా చెబుతున్నదే. ఈ వారం గుడి మెట్లు ఎక్కావా, బిందె ఎత్తితే ఆయాసం వస్తోందా, రాత్రి ఎన్నిసార్లు లేచావు, సూదిలో దారం ఎక్కించగలుగుతున్నావా అని అడగండి. వీటికి ‘రాయిలా ఉన్నా’ అన్న జవాబు సరిపోదు.

క్షమించుకోగలనా అని అడిగారు. ఉద్యోగం చేస్తూ, అత్తగారిని చూసుకుంటూ, నెలకోసారి రాత్రి బస్సెక్కి ఊరెళ్లి ఆదివారం సాయంత్రానికి తిరిగొస్తున్న మనిషి మీరు. ఏ దారి పట్టినా ఏదో ఒకటి చేయి దాటిపోవచ్చు. దానికి మిమ్మల్ని దోషిని చేసే హక్కు ఎవరికీ లేదు, మీకు కూడా.

ఈ శనివారం వెళ్తున్నానని రాశారు. సోమ, మంగళవారాలు కూడా సెలవు పెట్టండి, ఆదివారం స్కాన్ ఉన్నా పెద్ద డాక్టరు దొరక్కపోవచ్చు. పైచేతికి చుట్టే బీపీ మిషను ఒకటి కొని తీసుకెళ్లండి, మణికట్టుకు కట్టేది వద్దు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టాక పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చూసి తేదీతో రాయండి. వెళ్లగానే పక్కింటావిడను కలిసి, ఆ రోజు జారింది కుడి చేతిలోంచా, ఎడమ చేతిలోంచా, మాట ఎంతసేపు తడబడింది అని అడిగి ఆ కాగితం మీదే రాసుకోండి. డాక్టరు మొదట అడిగేది అదే.